ప్రమిదలు ఎందుకు పెచ్చులూడాయి?

బాలలూ! ఈ నెల మీకొక చిన్న అపరాధ పరిశోధన కథ చెబుతాను. ఇందులో నష్టం ఉంది, అనుమానం ఉంది, సాక్ష్యం ఉంది. చివరకు అసలు దోషిని పట్టి ఇచ్చింది బడి ప్రయోగశాలలోని ఒకే ఒక చుక్క ఆమ్లం.

పొదిలి నుంచి మార్కాపురం వెళ్ళే దారిలో కొనకనమిట్ల ఉంది. ఆ మండలంలోని ఒక హైస్కూలులో నేను సైన్సు పాఠాలు చెబుతాను. మూడేళ్ళ కిందట మేమక్కడ ఒక మట్టి క్లబ్బు పెట్టుకున్నాం. ఆ యేడు దీపావళికి క్లబ్బులో నలభై ప్రమిదలు తయారయ్యాయి. కాల్చేటప్పుడు ఒక్కటి కూడా పగలలేదు. ఎర్రగా, ముచ్చటగా ఉన్నాయి. వేలితో తడితే ఖంగుమన్నాయి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి తొమ్మిదో తరగతి కుర్రవాడొకడి దగ్గర ఉంచాం.

ఆ తరువాత నాలుగు రోజులు ముసురు పట్టింది. పండుగ ముందురోజు బీరువా తెరిచి చూస్తే ఏముంది? పదిహేడు ప్రమిదలు పెచ్చులూడి ఉన్నాయి. కొన్నిటికి అంచు పోయింది, కొన్నిటికి అడుగున రూపాయి బిళ్ళంత పెచ్చు లేచింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు గాని, అందరి చూపులూ తాళంచెవి ఉన్న కుర్రవాడి మీదకే పోయాయి. వాడు తలవంచుకుని నిలబడ్డాడు. ఆ తరువాతి వారం క్లబ్బుకు రాలేదు.

వాడు నిజంగా తప్పు చేశాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మట్టి సంగతి కొంత తెలియాలి.

మా క్లబ్బు సంగతి

మా మట్టి క్లబ్బు బడి పిల్లలది మాత్రమే కాదు, ఊరివాళ్ళది కూడా. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పదకొండు మంది, పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారు, బట్టలు కుట్టే ఒక తల్లి, ఒక తాపీ మేస్త్రి, నేను. ఆదివారం ఉదయం వేపచెట్టు కింద కూర్చుంటాం. మాలో ఎవరికీ కుండ చేయడం రాదు. రాదు కాబట్టే క్లబ్బు పెట్టుకున్నాం.

మొదటి నెల మట్టి ముద్దను బొటనవేలితో నొక్కి ముంతలు, పిడతలు చేశాం. రెండో నెల మట్టిని తాళ్ళలాగా పేని, చుట్టమీద చుట్ట పేర్చి పాత్రలు చేశాం. సారె సంగతి తరువాత చూద్దామనుకున్నాం. తోటలో మొక్క పెంచినట్లే ఇదీ ఒక మంచి అభిరుచి. ఖర్చు తక్కువ. కాని ఒక చిక్కుంది: మట్టిపనిలో చేసిన తప్పు వెంటనే కనిపించదు. సోమవారం చేసిన తప్పు శనివారం ఎండాక బయటపడుతుంది, లేదా పై నెలలో కాల్చాక బయటపడుతుంది. ఈలోగా ఏం చేశామో మరిచిపోతాం. అందుకని మొదటిరోజునే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి వస్తువు అడుగునా పుల్లతో ఒక నంబరు గీయాలి. గోడకు దారంతో వేలాడదీసిన నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదుట మట్టి ఎక్కడిది, ఇసుక ఎంత కలిపాం, ఎన్ని రోజులు ఎండబెట్టాం, ఆవంలో ఏ వరసలో పెట్టాం అనే వివరాలు రాయాలి. పగిలినా రాయాలి. పగిలితే తప్పక రాయాలి.

ఈ పుస్తకమే తరువాత మాకు సాక్షి అయింది.

మన్నంటే ఏమిటి?

మార్కాపురం పేరు చెబితే పెద్దవాళ్ళకు పలకలు గుర్తుకు వస్తాయి. ఒకప్పుడు బడిపిల్లల చేతుల్లోని రాతిపలకలకు మార్కాపురం పెట్టింది పేరు. ఆ పలకరాయి కూడా మొదట మన్నే! వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడి జలాశయపు అడుగున సన్నని బురద పొరలు పొరలుగా పేరుకుంది. దాని మీద ఇంకా ఇంకా మేటలు పడి, ఆ బరువుకూ భూమి లోపలి వేడికీ, భూమి పొరల కదలికలు కలిగించిన ఒత్తిడికీ బురద గట్టిపడి పలకరాయిగా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలలను కంభం పేరుతోనే పిలుస్తారు. నేల లక్షల ఏళ్ళలో చేసిన ఇటువంటి పనినే కుమ్మరి వేరొక పద్ధతిలో, అంత ఒత్తిడి లేకుండా, ఎక్కువ వేడితో ఒక్క రాత్రిలో చేస్తాడు.

ఫెల్డ్‌స్పార్ వంటి రాతి ఖనిజాలు గాలికీ నీటికీ లోనై శిథిలమైతే బంకమన్ను ఏర్పడుతుంది. దాని రేణువులు చాలా చిన్నవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదు వందలవ వంతుకన్నా తక్కువ. పైగా అవి ఇసుకరేణువుల్లా గుండ్రంగా ఉండవు, పలుచని రేకుల్లా ఉంటాయి. రెండు గాజుపలకలను తడిపి ఒకదానిమీద ఒకటి పెట్టండి. పక్కకు తోస్తే సులువుగా జారతాయి. పైకి లాగితే ఒక పట్టాన విడిపోవు. మన్ను రేకుల మధ్య ఉన్న నీటిపొర కూడా ఇదే పని చేస్తుంది. అందుకే తడి మన్ను ఎటు వంచితే అటు వంగుతుంది, వంచిన చోటనే నిలబడుతుంది. ఇసుకకు ఈ గుణం లేదు.

అన్ని మన్నులూ ఒకటి కావు. నల్లరేగడిలోని ఒక రకం ఖనిజం తన పొరల మధ్యకు కూడా నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే బాగా కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో కాలు పట్టేంత నెర్రెలు విచ్చేది అందుకే. ఉత్త నల్లరేగడితో కుండ చేస్తే ఆ నెర్రెలే కుండకూ వస్తాయి. చెరువు ఒండ్రు, ఎర్రమన్ను, ఇసుక తగిన పాళ్ళలో కలుపుకోవాలి. ఆ పాళ్ళు ఏ ఊరికి ఆ ఊరు కనిపెట్టుకోవలసిందే.

ఎండితే ఎందుకు తగ్గుతుంది?

దీనికి మా క్లబ్బు చేసిన ప్రయోగం మీరూ చేయవచ్చు. మన్నుతో 14 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందంగల పట్టీ చేయండి. దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. నీడలో వారం రోజులు ఆరబెట్టి మళ్ళీ ఆ గీతను కొలవండి. గీత 9.3 సెంటీమీటర్లకు తగ్గిందనుకుందాం. తగ్గినది 0.7. అంటే నూటికి 7 వంతులు తగ్గిందన్నమాట.

నీరు పోగానే రేకులు దగ్గరకు జరుగుతాయి. ఆ సంకోచమే ఇది. పాత్ర అంతా ఒకేసారి తగ్గితే ప్రమాదం లేదు. అంచు ముందు ఆరి తగ్గిపోయి, మందంగా ఉన్న అడుగు ఇంకా తడిగా ఉంటే రెండింటి మధ్యా లాగులాట మొదలవుతుంది. ఆ లాగులాటలో పగుళ్ళు పుడతాయి. కుండలను ఎండలో కాక నీడలో, గాలి సూటిగా తగలనిచోట ఆరబెట్టేది ఇందుకే. ఇసుకగాని, పాత పెంకుల పొడిగాని కలిపితే సంకోచం తగ్గుతుంది. ఇసుకరేణువులు ముడుచుకోవు కదా! అయితే మరీ ఎక్కువ కలిపితే మన్నులో బంక తగ్గి, వంచితే చిట్లుతుంది. ఎంత కలపాలో చెప్పేది ఆ పట్టీలే. పదిమంది సభ్యులు పది రకాల పాళ్ళతో తలా ఒక పట్టీ చేస్తే, ఒక్కరు పది వారాల్లో తెలుసుకునేది ఒక్క వారంలో తేలిపోతుంది. క్లబ్బు ఉంటే ఇదే మేలు.

ఆవంలో ఏం జరుగుతుంది?

పచ్చికుండను నీళ్ళలో వేస్తే కరిగి మళ్ళీ బురద అవుతుంది. కాల్చిన కుండ ఎన్నేళ్ళు నీళ్ళలో ఉన్నా కరగదు. ఈ మార్పు మెట్లుమెట్లుగా జరుగుతుంది.

మొదటి మెట్టు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఎంత ఆరిందనుకున్నా మన్నులో కొంత తేమ మిగిలే ఉంటుంది. ఒక ఘన సెంటీమీటరు నీరు ఆవిరి అయితే దాదాపు 1,700 ఘన సెంటీమీటర్లు అవుతుంది. మంట ఒక్కసారిగా పెంచితే ఆ ఆవిరికి బయటపడే దారి చాలక కుండ టపాకాయలాగా పేలుతుంది. అందుకే మొదటి రెండు మూడు గంటలు సెగ మాత్రమే తగలనివ్వాలి.

రెండో మెట్టు 450 నుంచి 600 డిగ్రీల మధ్య. ఇంతవరకు పోయినది రేకుల మధ్య ఉన్న నీరు. ఇప్పుడు పోయేది ఖనిజపు అణునిర్మాణంలోనే భాగమై ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్. అవి నీటిఆవిరిగా వెళ్ళిపోతాయి. ఇక ఆ పదార్థం మన్ను కాదు. తిరిగి తడిపినా మన్ను కాలేదు. కాగితం కాలడం లాగే ఇదీ రసాయన మార్పు. ఇదే మెట్టులో 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ స్ఫటికాలు హఠాత్తుగా కొంచెం వ్యాకోచిస్తాయి. చల్లారేటప్పుడు మళ్ళీ అక్కడే సంకోచిస్తాయి. ఆవాన్ని తొందరపడి విప్పితే కుండలు చిట్లడానికి ఇదొక కారణం.

మూడో మెట్టు 700 దాటాక. రేణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టిపడతాయి. మన్నులోని ఇనుము ఆక్సిజన్‌తో కూడి ఎర్రని ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. కుండకు ఎరుపు వచ్చేది దానివల్లనే. మంట చివర ఆవాన్ని తడిగడ్డితో, మట్టితో మూసి పొగపెడితే గాలి అందక అదే కుండ నల్లబడుతుంది. మన దక్షిణ దేశంలో బృహత్ శిలాయుగపు సమాధులలో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పాత్రలు విరివిగా దొరుకుతాయి. ఆనాటి కుమ్మరులకు ఆక్సిజన్ పేరు తెలియదు. దానిని ఎక్కడ అందనివ్వాలో, ఎక్కడ అందనివ్వకూడదో మాత్రం బాగా తెలుసు.

చిటికెడు ఉప్పుతో ఉష్ణమాపకం

ఆవం ఎంత వేడెక్కిందో ఎలా తెలుస్తుంది? ప్రయోగశాల థర్మామీటరు పెడితే గాజు కరిగిపోతుంది. ఇంగ్లండులో జొసయా వెడ్జ్‌వుడ్ అనే కుండల తయారీదారుకు ఇదే చిక్కు వచ్చింది. వేడెక్కిన కొద్దీ మన్ను కుంచించుకుపోతుంది కదా, ఆ సంకోచాన్నే కొలిస్తే సరిపోతుందని ఆయన ఆలోచించాడు. చిన్న మట్టిబిళ్ళను ఆవంలో ఉంచి తీసి, క్రమంగా సన్నబడే గాడిలో అది ఎంతదూరం జారుతుందో చూశాడు. 1782లో ఈ సాధనాన్ని లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. ఆయన అంకెలు తరువాత తప్పని తేలాయి గాని, ఆలోచన మంచిది. ఆ మరుసటి ఏడు రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా తీసుకుంది. 1886లో జర్మనీకి చెందిన హెర్మన్ సేగెర్, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర వంగిపోయే చిన్న శంకువులను తయారుచేశాడు. అటువంటి శంకువులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

మేము ఇంకా చవక పద్ధతి ఎంచుకున్నాం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంట్లో వాడే ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండు చిన్న మట్టిగిన్నెలు చేసి, ఒకదానిలో అల్యూమినియం తీగముక్క, రెండోదానిలో చిటికెడు ఉప్పు వేసి ఆవం నడుమ పెట్టాం. చల్లారాక చూస్తే తీగ ముద్ద అయితే 660 దాటినట్లు. ఉప్పు గాజులా గడ్డకడితే 801 కూడా దాటినట్లు. నలభై ప్రమిదలు కాల్చిన రోజు ఉప్పు కరిగింది. పుస్తకంలో అలాగే రాసి ఉంది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. మన కేసులో ఇదే మొదటి ఆధారం.

తెల్లచుక్క

పెచ్చులూడిన ప్రమిదలను మేము పారవేయలేదు. బల్లమీద వరసగా పేర్చి భూతద్దంతో చూశాం. ప్రతి గుంట నడుమా ఆవగింజంత తెల్లచుక్క ఉంది! చేత్తో విసిరికొడితే పగిలిన పెంకులో తెల్లచుక్క ఎందుకుంటుంది? పుస్తకం తిరగేస్తే మరొక సంగతి తేలింది. ఆ పదిహేడు నంబర్లూ కొత్తగా వాగు ఒడ్డు నుంచి తెచ్చిన మన్నుతో చేసినవే. చెరువు మన్నుతో చేసిన ఒక్క ప్రమిదకూ పెచ్చు లేవలేదు.

ఆ వాగు ఒడ్డు మన్ను కొంత మిగిలి ఉంది. ముద్దలను చిదిపి చూస్తే సన్నని తెల్లని పలుకులు కనిపించాయి. వాటిమీద ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాం. బుసబుస పొంగింది! నిమ్మరసం వేసినా, కొంచెం ఆలస్యంగా, బుడగలు వచ్చాయి. మీరు తొమ్మిది, పది తరగతుల్లో చదివినదే ఇది. కార్బొనేట్ మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ పలుకులు సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్.

ఇక కథ విడిపోయింది. 800 డిగ్రీలు దాటిన ఆవంలో ఆ సున్నపురాయి పలుకులు కార్బన్ డయాక్సైడును వదిలి పొడి సున్నంగా, అంటే కాల్షియం ఆక్సైడుగా మారాయి. సున్నపుబట్టీలో జరిగేది ఇదే. ఆవం నుంచి తీసినప్పుడు ప్రమిద నిక్షేపంగానే ఉంది. కాని దాని గోడలో ఆకలిగొన్న సున్నం దాగి ఉంది. ముసురు పట్టగానే గాలిలోని తేమ ప్రమిద రంధ్రాలగుండా లోపలికి చేరింది. సున్నం నీటిని పీల్చుకుని తడిసున్నంగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. వెల్ల వేయడానికి సున్నం నానబెట్టినప్పుడు గడ్డలు విచ్చిపోవడం మీరు చూసే ఉంటారు. గోడ లోపల చోటు లేక అది పైపొరను నెట్టివేసింది. అదే పెచ్చు.

దోషి ఎవరో తేలింది. తాళంచెవి కుర్రవాడు కాదు.

నేనూ, ఇద్దరు పిల్లలూ ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాం. అక్కడ మాకొక ఆశ్చర్యం ఎదురైంది. చూరు కింద, గోడకు ఆనించి, పాత సారె ఒకటి నిలబెట్టి ఉంది. వాళ్ళ తాత కుండలు చేసినవాడు! అయిదారేళ్ళుగా సారె తిప్పడం లేదట. ఈ కుర్రవాడు ఆ మాట క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారనుకున్నాడు. ప్రమిద ముక్క ఆయన చేతిలో పెట్టాను. ఒకసారి తిప్పి చూసి, "అయ్యోరా, ఇది పిల్లకాయల తప్పు కాదు. మట్టిలో సున్నపు పలుకు ఉండాది. ఆ వాగు మన్ను మేం ఎప్పుడూ ముట్టుకోం. తప్పక వాడితే నీళ్ళలో కలిపి బట్టలో వడగట్టాల. కాల్చినాక ఆవం దించంగానే నీళ్ళలో ముంచాల" అన్నాడు.

మాకు వారం రోజులు పట్టిన జవాబు ఆయన నోట అరనిమిషంలో వచ్చింది. మాతో వచ్చిన పిల్లలిద్దరూ తాళంచెవి కుర్రవాడికి క్షమాపణ చెప్పారు. తరువాతి ఆదివారం వాడు వచ్చాడు. వాడితో తాత కూడా వచ్చాడు.

పెద్దాయన మాటలోని శాస్త్రం

పెద్దలు చెప్పారని ఊరుకోకుండా, ఆ మాటను కూడా పరీక్షించి చూడాలని పిల్లలు పట్టుబట్టారు. తాత నవ్వి సరే అన్నాడు. అదే వాగు మన్నుతో నాలుగు రకాల బిళ్ళలు చేశాం. మొదటివి ఉన్నమన్ను ఉన్నట్లే. రెండోవి సన్నని బట్టలో వడగట్టిన మన్నువి. మూడోవి ఉన్నమన్నుతోనే చేసి, కాల్చి చల్లారగానే బకెట్టు నీళ్ళలో ముంచినవి. నాలుగోవి తక్కువ వేడిలో, అల్యూమినియం కరిగి ఉప్పు కరగనంత సెగలో కాల్చినవి.

మొదటి రకం బిళ్ళలు మళ్ళీ పెచ్చులూడాయి. వడగట్టినవి ఒక్కటీ చెడలేదు. ముంచినవాటిలో ఎక్కువ భాగం నిలిచాయి. అంత నీటిలో సున్నం ఒక్కసారిగా మెత్తని ముద్దగా మారి, నెట్టడానికి బదులు రంధ్రాల్లోకి సర్దుకుంటుంది. తక్కువ వేడిలో కాల్చినవాటికి పెచ్చు రాలేదు గాని, గోటితో గీస్తే గీత పడింది. అందుకే వాగు మన్ను వాడవలసి వస్తే వడగట్టడమే మేలని పుస్తకంలో రాసుకున్నాం.

ఆ తరువాత తాత మా చేత సారె పట్టించాడు. బరువైన సారె, ముఖ్యంగా అంచు బరువుగా ఉన్న సారె, ఒకసారి కర్రతో తిప్పితే జడత్వం వల్ల చాలాసేపు తిరుగుతుంది. ముద్దను సరిగ్గా నడిమికి తేవడానికే నాకు ఎనిమిది ఆదివారాలు పట్టింది. నడిమికి రాని ముద్దలో ఒకవైపు గోడ మందం, ఒకవైపు పలుచన. ఎలాగో నిలబెట్టిన మొదటి ముంతను మురిసిపోతూ చూపిస్తే, తాత దారం తీసి దాన్ని నిలువునా రెండుగా కోశాడు! పిల్లలు అయ్యో అన్నారు. కోసిన చోట చూస్తే అడుగు రెండు వేళ్ళ మందం, నడుము కాగితమంత పలుచన. "మొదటి ఇరవై ఇట్టనే కోసి చూడండి. ఇరవై ఒకటోది ఉంచుకుందురు" అన్నాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన సామెత. ఏడాది కష్టం ఒక్క దెబ్బతో పోతుందని దాని అర్థం. నేర్చుకునేవాడు మాత్రం ఆ దెబ్బ తానే వేసి చూడాలి.

అమ్మాలా, వద్దా?

మరుసటి దీపావళికి మా ప్రమిదలు బాగా కుదిరాయి. బడి గేటు దగ్గర అమ్మి క్లబ్బుకు డబ్బు కూడబెడదామని కొందరన్నారు. తాత ఏమీ అనలేదు. పోస్టుమాస్టరు గారు మాత్రం ఒక ప్రశ్న వేశారు. "మనకు ఇది ఆదివారం సరదా. పక్క ఊరినుంచి తట్టలో ప్రమిదలు తెచ్చి అమ్ముకునే ఆమెకు ఇది కూడు. మన మట్టి ఉచితం, మన కూలి ఉచితం. మనం రూపాయికి అమ్మితే ఆమె ఎంతకు అమ్మాలి?"

చాలాసేపు వాదన జరిగింది. చివరకు చేసినవి ఎవరి ఇంటికి వాళ్ళు తీసుకుపోవాలని, అమ్మకూడదని తీర్మానించాం. బడికి కావలసిన నీళ్ళకుండలు మాత్రం చేయడం వృత్తిగా ఉన్నవారి దగ్గరే కొనాలని కూడా రాసుకున్నాం. ఈ తీర్మానం సరియైనదేనా అని మీరూ మీ తరగతిలో చర్చించండి.

వెడ్జ్‌వుడ్ కూడా మాలాగే తన ప్రయోగాలన్నిటికీ నంబర్లు వేసి పుస్తకంలో రాసేవాడు. జాస్పర్ అనే కొత్తరకం పింగాణీ వంటి మన్ను కోసం వేల కొద్దీ పరీక్షలు చేశాడు. అయితే పోటీదారులకు తెలియకూడదని సంకేతాలలో రాసుకున్నాడు. అది వ్యాపారం కాబట్టి ఆయనకు తప్పలేదు. మా పుస్తకం గోడకు వేలాడుతూ ఉంటుంది. దారిన పోయేవారు కూడా చదువుకోవచ్చు. అభిరుచికీ వ్యాపారానికీ ఉన్న తేడా ఇదేననుకుంటాను.

చదువుకున్నవారు సారె పట్టడం మన దేశంలో కొత్త కాదు. భూగర్భశాస్త్రం చదివిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1920 ప్రాంతాలలో జపాన్‌లో కుండల పని నేర్చుకుని వచ్చి, ఢిల్లీలోనూ తరువాత హిమాచల్ ప్రదేశ్‌లోని అంద్రెటాలోనూ ఎందరికో నేర్పారు. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో ఎంతోమంది శిక్షణ పొందారు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ పాఠశాలలో చదువుతోపాటు కుండల పని కూడా ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. అది పేర్కొన్న వృత్తులలో కుమ్మరి వృత్తి కూడా ఉంది. మీ ఊళ్ళోనూ చూరు కింద ఒక సారె నిలబెట్టి ఉందేమో, వెళ్ళి అడగండి.

మీరూ చేసి చూడండి

నీళ్ళకుండ పెంకు ఒకటి తీసుకోండి. బాగా ఎండబెట్టి తూచండి. ఒకరోజు నీళ్ళలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. పెరిగిన బరువును పొడి బరువుతో భాగించి 100తో హెచ్చవేస్తే పెంకు నూటికి ఎన్ని వంతుల నీటిని పీల్చిందో తెలుస్తుంది. 50 గ్రాముల పెంకు 56 గ్రాములు అయితే 12 శాతం. ఈ రంధ్రాలగుండా చెమర్చిన నీరు ఆవిరి కావడం వల్లనే కుండలో నీరు చల్లబడుతుంది. అయితే ఒక మాట. కుండ నీటిని చల్లబరుస్తుందే గాని, అందులోని ఫ్లోరైడును తీసివేయదు. పశ్చిమ ప్రకాశంలో చాలా చోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడు హెచ్చుగా ఉంటుంది కాబట్టి మంచినీటినే కుండలో పోసుకోవాలి.

జాగ్రత్తలు: ఆవం కాల్చేటప్పుడు పెద్దలు దగ్గర ఉండి తీరాలి; నూలుబట్టలు కట్టుకోవాలి; నీళ్ళు సిద్ధంగా పెట్టుకోవాలి. ఎండిన మన్నుపొడిని చీపురుతో ఊడవవద్దు. అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడిబట్టతో తుడవండి. ఆమ్లంతో పరీక్ష మాస్టారి సమక్షంలోనే చేయండి.

ప్రశ్నలు

1. బంకమన్నులోని కేయొలినైట్ అనే ఖనిజపు అణుభారం 258. కాల్చినప్పుడు దాని నుంచి రెండు నీటి అణువులు పోతాయి. నీటి అణుభారం 18. ఖనిజం తన బరువులో నూటికి ఎన్ని వంతులు కోల్పోతుంది?

2. కాల్చిన తరువాత 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండే గిన్నె కావాలి. మీ మన్ను మొత్తం నూటికి 10 వంతులు తగ్గుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గిన్నెను ఎంత వెడల్పుతో చేయాలి?

3. వేసవిలో ఒకే రకమైన కుండలో నీరు ఒంగోలు సముద్రతీరంలో ఎక్కువ చల్లబడుతుందా, కొనకనమిట్లలోనా? ఎందుకు?

4. మా నలభై ప్రమిదలను ముసురుకు ముందే, ఆవం దించిన రోజునే వెలిగించి ఉంటే మేము ఏ తప్పు అభిప్రాయానికి వచ్చి ఉండేవాళ్ళం?

(జవాబులు: 1. సుమారు 14 వంతులు. 2. 10 సెంటీమీటర్లు. 3. కొనకనమిట్లలో. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు త్వరగా ఆవిరి అవుతుంది. 4. దీనికి జవాబు మీరే రాయండి. మీ క్లబ్బు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంటే ఇంకా మంచిది.)